పిల్లలకు కరాటే నేర్పాలంటే ముందు ఆగడం నేర్పండి

బ్లాక్ బెల్ట్ వచ్చిన ఏడాదికో రెండేళ్లకో చాలామంది సొంతంగా పిల్లల బ్యాచ్ మొదలుపెడతారు. స్కూల్ గ్రౌండో, అపార్ట్‌మెంట్ సెల్లారో, కల్యాణ మండపం మేడో ఏదో ఒకటి దొరుకుతుంది. ఇరవైమంది చేరతారు, మూడో నెలకి సగంమంది కూడా మిగలరు. "మేడమ్, పిల్లలు నిలబడట్లేదు, ఏం చేద్దాం?" అని అడిగేవాళ్లకి నేను విడివిడిగా చెప్పే మాటలే ఇవన్నీ. నేను ఏలూరులో షోటోకాన్ శైలి కరాటే నేర్పుతాను. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది 6 నుంచి 13 ఏళ్ల మధ్య పిల్లలు. ఇక్కడ రాసేదంతా ఆ వయసు గురించే. టోర్నమెంట్లకి ఆటగాళ్లని తయారుచేయడం వేరే పని, దాని జోలికి నేను పోను.

మొదటి నెల

మొదటి నెలంతా ఆగడమే నేర్పండి. పిల్లాడు మొదటిరోజు వచ్చేది కొట్టడం నేర్చుకుందామని. వాడి కళ్లలోనే తెలుస్తుంది. ఆ ఉత్సాహాన్ని చంపక్కర్లేదు, దాన్ని ఆటలోకి మళ్లించాలి. "హజిమే" (మొదలుపెట్టు) అనగానే గ్రౌండంతా ఇష్టమొచ్చినట్టు పరిగెత్తాలి. "యమే" (ఆగు) అనగానే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. రెండు పాదాలూ నేల మీదుండాలి, నోరు మూసుకోవాలి, చూపు నావైపుండాలి. మొదటి వారం గట్టిగా అరిచి చెప్పండి. రెండో వారం గొంతు తగ్గించండి. మూడో వారం మాట మానేసి చెయ్యి మాత్రం ఎత్తండి. పరిగెడుతూ కూడా మాస్టర్ని ఓ కంట కనిపెట్టడం అప్పుడు వాళ్లంతట వాళ్లకే అలవాటవుతుంది.

ఎంత చెప్పినా ఆగని పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లని పక్కన నిలబెట్టి తిట్టకండి. "నువ్వే యమే చెప్పు నాన్నా" అని వాళ్ల చేతికే ఆట ఇవ్వండి. ఎవరు ఆగారో ఎవరు ఆగలేదో వాడే చూసి చెప్పాలి. అలా రెండుమూడు క్లాసులు చెప్పించాక వాడు ఆగడం మీరే చూస్తారు.

తర్వాత కాగితం. పాత పేపర్లో ఒక షీటు తీసుకుని, దారంతో పిల్లల ఛాతీ ఎత్తుకి వేలాడదీయండి. పంచ్ పూర్తి వేగంతో వెళ్లాలి, కాగితానికి రెండు వేళ్ల దూరంలో ఆగిపోవాలి. గాలికి కాగితం కదిలితే మంచిదే, పిడికిలి తగలకూడదు. అది కుదిరాక ఒక వేలి దూరం. ఆ తర్వాత కాగితాన్ని తాకాలి కానీ చిరగకూడదు. దీని మీద నాలుగైదు వారాలు గడిచినా తొందరపడకండి. పిల్లలకి ఇది విసుగు పుట్టదు, ఎందుకంటే గెలిచారో ఓడారో కాగితమే చెప్పేస్తుంది, మాస్టర్ తీర్పు అక్కర్లేదు.

పిడికిలి విసిరెయ్యడం ఎవరికైనా వస్తుంది. దాన్ని అనుకున్నచోట ఆపాలంటే వెనక పాదం నేలని పట్టుకోవాలి, నడుము సరైన సమయానికి బిగియాలి, భుజం పైకి లేవకూడదు, వెనక్కి లాగే చెయ్యి, అదే మనం హికితే అంటామే, అది పక్కటెముకల దగ్గరికి వచ్చి ఆగాలి. అంటే ఆపడం నేర్పితే పంచ్ నేర్పినట్టే. తిప్పి చూస్తే అలా కాదు. పంచ్ నేర్చుకున్న పిల్లాడికి ఆపడం విడిగా నేర్పాల్సి వస్తుంది, అదీ ఎవడి ముక్కో పగిలాక.

ఇది నాకెక్కడ దొరికింది

మా నాన్న ఏలూరు జూట్ మిల్లులో పనిచేసేవారు. ఆయనకి షిఫ్టులు. ఉదయం షిఫ్టున్న రోజుల్లో సైకిల్ మీద నన్ను మున్సిపల్ స్కూల్ గ్రౌండ్ దగ్గర దింపి మిల్లుకి వెళ్లేవారు. తొంభైల మొదట్లో సంగతి. ఆ బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా మాస్టారు తక్కువ మాట్లాడే మనిషి. క్లాసు చివర్లో ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టేవారు. ఒకరు ముఖం మీదికి పంచ్ విసిరి, ముక్కుకి అంగుళం దూరంలో ఆపాలి. ఎదుటివాళ్లు రెప్ప వేయకూడదు. రెప్ప పడిందంటే తప్పు పంచ్ విసిరినవాడిదే అనేవారు ఆయన. "నీ చెయ్యి ఆగుతుందని వాడికి నమ్మకం కలగలేదు, అందుకే కళ్లు మూశాడు" అని. నాకంటే తలెత్తు పొడుగున్న అబ్బాయి పిడికిలి నా ముఖం ముందు ఆగినప్పుడు నాకు భయం పోయింది. అదే అబ్బాయి ముఖం ముందు నా పిడికిలి ఆగినప్పుడు, నా చెయ్యి నేను చెప్పినట్టు వింటుందని తెలిసింది. నేర్పడమంటూ చేస్తే ఈ రెండూ ప్రతి పిల్లకీ ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

తర్వాత డిగ్రీ, ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. సాయంత్రం బ్యాచ్ మాత్రం ఆపలేదు. కాన్పుల సమయంలో నా సీనియర్ స్టూడెంట్లు నడిపారు. ఇప్పటి నా అసిస్టెంట్లంతా ఒకప్పుడు ఆ కాగితం ముందు నిలబడ్డ పిల్లలే.

పిల్లల కోసం కరాటేనే మారింది

కరాటేని పిల్లల కోసం పలచన చేయకూడదని కొందరు సీనియర్లు అంటారు. చరిత్ర వాళ్ల పక్షాన లేదు. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో ఆంకో ఇతోసు అనే గురువు 1901లో ప్రాథమిక పాఠశాలలో కరాటే ప్రవేశపెట్టారు. అప్పటిదాకా అది పెద్దవాళ్లు చాటుగా, ఒకరిద్దరు శిష్యులకి నేర్పే విద్య. బడి పిల్లలు పదులకొద్దీ వరసల్లో నిలబడేసరికి పాత కటాలు, అంటే వరసగా చేసే కదలికల కూర్పులు, వాళ్లకి పొడవైపోయాయి, ప్రమాదకరం కూడా. ఆయన పినాన్ పేరుతో ఐదు చిన్న కటాలు కూర్చారు. ఆయన శిష్యుడు గిచిన్ ఫునాకోషి వృత్తిరీత్యా బడిపంతులు. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి జపాన్ ప్రధాన భూభాగానికి కరాటేని పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు ఆయనే. ఆ ఐదింటికే హేయాన్ అని పేరు మార్చారు. మనం ఎల్లో బెల్ట్ పిల్లలతో రోజూ చేయించే హేయాన్ షోదాన్ వాటిలో మొదటిది, అది పుట్టిందే బడి పిల్లల కోసం. కాబట్టి పిల్లల వయసుని బట్టి పాఠం మార్చుకోవడం పరంపరని తప్పడం కాదు, పరంపరలో నడవడమే.

కరాటేలో మొదటి దెబ్బ లేదు అని ఫునాకోషి పెట్టిన నియమం మన డోజోల (శిక్షణశాలల) గోడల మీద ఉంటుంది. గోడ మీద ఉంటే పిల్లలకి ఎక్కదు. కాగితం ముందు ఎక్కుతుంది.

క్లాసు ఎలా నడపాలి

45 నిమిషాలు చాలు. గంటన్నర క్లాసంటే తల్లిదండ్రులకి గిట్టుబాటుగా అనిపిస్తుంది కానీ ఏడేళ్ల పిల్లాడి ధ్యాస అంతసేపు నిలవదు. ఒక మాస్టర్‌కి పదిహేనుమంది మించితే అసిస్టెంట్‌ని పెట్టుకోండి. మా ఊళ్లో ఎండాకాలం సాయంత్రం క్లాసు దండగ, నేల కాలిపోతూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఐదున్నరకే మొదలుపెట్టి ఆరుంబావుకి వదిలేస్తాను. నీళ్లు తాగడానికి అడగక్కర్లేదని మొదటిరోజే చెప్పండి. నీళ్లు తాగనివ్వకుండా చేయిస్తే గట్టిపడతారన్నది పాత మూఢనమ్మకం, పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు.

లెక్క మీరు పెట్టకండి, పిల్లలతో పెట్టించండి. ఇచి, ని, సాన్, షి, గో అని జపనీస్ అంకెల్లో ఒక్కొక్కరు పదేసి. నా దగ్గర మాటలు తడబడే ఒక బాబు ఉండేవాడు. బడిలో పాఠం చదవమంటే ఏడ్చేసేవాడు. ఇక్కడ పంచ్‌కి ఒక అంకె చొప్పున లయలో పడేసరికి పదీ తడబడకుండా చెప్పాడు. వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి వింది. ఆ బాబు మాట పూర్తిగా బాగుపడిందని నేను అనను, అది స్పీచ్ థెరపిస్టుల పని. కానీ ఇరవైమంది ముందు గొంతెత్తగలనని వాడికి తెలిసింది.

కొన్ని అసలు చేయించకండి. పిడికిళ్ల మీద పుషప్స్, మకివారా (గడ్డి చుట్టిన గుంజ) మీద కొట్టించడం పిల్లలకి వద్దు. ఎముకల చివర్ల దగ్గర పెరిగే భాగం ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది, అక్కడ దెబ్బ పడితే ఎదుగుదలే దెబ్బతినొచ్చు. స్ప్లిట్ రావాలని వీపు మీద ఎక్కి తొక్కడం ఇంకా కొన్నిచోట్ల చూస్తున్నాను, చూసినచోటల్లా ఆపమని చెప్తున్నాను. బెత్తం పట్టుకోకండి. పుషప్స్‌ని శిక్షగా వాడకండి. వ్యాయామాన్ని శిక్ష చేస్తే పిల్లలకి దాని మీద అసహ్యం పుడుతుంది, మనం నేర్పడానికి వచ్చిందే వ్యాయామం. బడుల్లో పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. డోజోకి అంతకంటే తక్కువ నియమం ఎందుకుండాలి?

స్టాన్స్ (నిలబడే తీరు) సరిచేయాలంటే ముందు అడగండి. "మోకాలు కొంచెం జరపనా అమ్మా?" అని. తల ఊపాకే ముట్టుకోండి. చాలాసార్లు ముట్టుకోవాల్సిన పనే ఉండదు, ఎదురుగా నిలబడి మీరు చేసి చూపిస్తే సరిపోతుంది. క్లాసు ఎప్పుడూ నలుగురికీ కనిపించే చోటే పెట్టండి, తల్లిదండ్రులు ఎప్పుడొచ్చినా కూర్చుని చూడనివ్వండి. ఏ పిల్లనీ ఒంటరిగా గదిలో ఉంచి నేర్పకండి. మీరెంత మంచివారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అడగకుండా తనని ఎవరూ ముట్టుకోకూడదని ఆ పిల్ల మీ దగ్గరే నేర్చుకోవాలి.

కటా నేర్పే పద్ధతి

హేయాన్ షోదాన్‌లో 21 కదలికలు. మొదటి నుంచి చివరిదాకా వరసగా నేర్పితే పిల్లలు మూడో కదలికలో తిరగబోయి ఒకరికొకరు ఢీకొంటారు. నేను మధ్యలో మొదలుపెడతాను. ముందుకి మూడు అడుగులు, మూడు పంచ్‌లు, చివరి దానికి కియాయ్ అనే గట్టి అరుపు. అంటే 15, 16, 17. అరవడం పిల్లలకి పండగ. సిగ్గుపడే పిల్లని ఒంటరిగా అరవమనకండి, ఇద్దరు గట్టి గొంతుల మధ్య నిలబెట్టండి, వారానికల్లా తన గొంతు కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత 7, 8, 9, మూడు అగే ఉకేలు (చెయ్యి పైకెత్తి అడ్డుకోవడం), మళ్లీ కియాయ్. అప్పటికి రెండు నడకలూ వచ్చేశాయి. ఇక మలుపులు అతికించడమే మిగులుతుంది.

నాలుగో కదలిక మీద ఒక క్లాసు మొత్తం ఖర్చు పెట్టండి. ముందు పాదాన్ని వెనక్కి లాక్కుంటూ చెయ్యి గుండ్రంగా తిప్పి పిడికిలి అంచుతో పైనుంచి కొట్టే కదలిక అది. గాల్లో చేయిస్తే అర్థం కాదు. జతగాడు మణికట్టు పట్టుకోవాలి, వీడు లాక్కుని విడిపించుకోవాలి. బొటనవేలు వైపుకి లాగితే పట్టు జారుతుందని తెలిసిన క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి! ఆ రోజు నుంచి నాలుగో కదలిక ఎవరూ మర్చిపోరు.

మలుపులకి మొదట్లో గుర్తులు వాడండి. "గేటు వైపు, వేపచెట్టు వైపు, వాటర్ ట్యాంక్ వైపు." పదో కదలికలో మూడొంతులు తిరిగేటప్పుడు అందరూ తప్పుతారు, అక్కడ వెనక కాలు ఎటు కదులుతుందో నేల మీద సుద్దముక్కతో గీసి చూపించండి. అందరికీ వచ్చేసిందనుకున్నాక, ఒకరోజు చెప్పకుండా వేపచెట్టు వైపు మొహం పెట్టి మొదలుపెట్టించండి. సగంమంది గందరగోళపడతారు. అప్పటిదాకా వాళ్లకి వచ్చింది గేటు, చెట్టు. ఇక్కడి నుంచి కటా వస్తుంది. చివరి నాలుగు షుటో ఉకేలూ (అరచేతి అంచుతో అడ్డుకోవడం) తొందరపడకుండా ఆఖర్న చెప్పుకోవచ్చు. వెనక కాలి మీద బరువు నిలపడం చిన్నపిల్లలకి నిజంగానే కష్టం.

తల్లిదండ్రులతో

చేర్చుకునే రోజే కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఏడేళ్ల పిల్ల కరాటేతో పెద్ద మనిషిని కొట్టి గెలవలేదు. ఆత్మరక్షణ నేర్పుతామని బోర్డు పెట్టి ఆ భ్రమ అమ్మకండి. ఆ వయసు పిల్లకి ఆత్మరక్షణంటే గట్టిగా అరవడం, చెయ్యి విడిపించుకుని జనమున్న వైపు పరిగెత్తడం, ఇంటికొచ్చి చెప్పడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గుర్తుంచుకోవడం. ఇవన్నీ నేను క్లాసులో ఆటలుగా చేయిస్తాను. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి సమగ్ర శిక్ష పథకం కింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంటుంది. ఆ క్లాసులకి వెళ్లినప్పుడు నేను పంచ్‌ల కంటే "వద్దు" అని గట్టిగా అనిపించడం మీదే ఎక్కువ సమయం పెడతాను. ఎనిమిదో తరగతి అమ్మాయి కడుపులోంచి "వద్దు" అని అరవడానికి నెల పడుతుంది. ఇన్నాళ్లూ అరవొద్దనే కదా పెంచాం.

రెండోది బెల్ట్. "బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్లకి వస్తుంది?" అన్నది మొదటిరోజు ప్రశ్న. నలుపు పట్టీ జూడో నుంచి వచ్చింది. రంగురంగుల బెల్ట్‌లు ఐరోపాలో 1930ల తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి. త్వరగా నిరుత్సాహపడే విద్యార్థులకి దగ్గరి మెట్లు చూపించడానికి అవి పనికొచ్చాయి. పిల్లలకి ఇప్పటికీ పనికొస్తాయి, కాదనను. కానీ మూడు నెలలకోసారి టెస్ట్ పెట్టి ఫీజు వసూలు చేస్తే అది మెట్టు కాదు, టోల్‌గేటు. నా దగ్గర టెస్ట్‌కి రెండు వారాల ముందు మామూలు క్లాసులోనే చూసుకుంటాను. సిద్ధంగా లేని పిల్లాడిని టెస్ట్‌కి పంపను, వాళ్ల ఇంటికి ఫోన్ చేసి ఏం మిగిలిందో చెప్తాను. అందరి ముందు ఫెయిల్ చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

స్కూల్ వార్షికోత్సవాల ముందు ప్రిన్సిపాళ్లు పిలుస్తారు. తలతో పెంకులు పగలగొట్టాలి, చేతుల మీద నుంచి మోటార్‌సైకిల్ పోవాలి, మంటల రింగులోంచి దూకాలి. ఒప్పుకోకండి. చప్పట్లు మోగుతాయి, కొత్త అడ్మిషన్లూ వస్తాయి, నాకు తెలుసు. పిల్లల తలకీ వేళ్లకీ జరిగే నష్టం సంగతి అలా ఉంచినా, కరాటే అంటే నొప్పి ఓర్చుకోవడమని ఆ పిల్లల మనసులో పడిపోతుంది. నేను దాని బదులు కాగితం పంచ్ పెడతాను. పదిమంది పిల్లలు వరసగా నిలబడి పూర్తి వేగంతో పంచ్ విసురుతారు, ఒక్క కాగితమూ చిరగదు. మొదట్లో జనానికి ఏం జరుగుతుందో అర్థం కాదు. ఎవరైనా పెద్దాయన్ని స్టేజి మీదికి పిలిచి ప్రయత్నించమంటే అర్థమవుతుంది.

అమ్మాయిలు ఏడు, ఎనిమిది తరగతుల్లో మానేస్తారు. చదువు వంక చెప్తారు. చాలామంది విషయంలో కారణం తెల్ల ప్యాంటు. నెలసరి రోజుల్లో నల్ల ట్రాక్ ప్యాంటు వేసుకోవచ్చని, ఎవరూ కారణం అడగరని నేను అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపే చెప్పేశాను, ఎవరు ఎప్పుడైనా నల్లది వేసుకోవచ్చు. మగ మాస్టర్లు ఈ మాట చెప్పడానికి ఒక సీనియర్ అమ్మాయిని గానీ తల్లిని గానీ సాయం తెచ్చుకోండి, కానీ చెప్పడం మానకండి.

బడిలో కొట్టుకుంటే

ఏదో ఒకరోజు ఒక తల్లి వచ్చి "మీ కరాటే వల్లే మావాడు పక్కవాడిని కొట్టాడు" అంటుంది. పిల్లాడి బెల్ట్ లాగేసి అందరి ముందు అవమానించకండి. పక్కకి పిలిచి ముందు ఏం జరిగిందో మొత్తం వినండి. రోజూ ఏడిపిస్తున్నవాడు ఆ రోజు చెయ్యి చేసుకుంటే వీడు అడ్డుకున్నాడా, లేక కోపమొచ్చి వీడే మొదలుపెట్టాడా అన్నది తేలాలి. మొదటిదైతే టీచర్‌తో మీరే మాట్లాడండి, పిల్లాడి పక్కన నిలబడండి. రెండోదైతే, దెబ్బ తిన్న పిల్లాడి దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పి రమ్మనండి. ఆపైన మళ్లీ కాగితం దగ్గరికి. నేను ఇలాంటి పిల్లల్ని కొత్తవాళ్లకి కాగితం పంచ్ నేర్పే పనిలో పెడతాను.

స్పారింగ్

ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఈ సాధన ఏడాది నిండేదాకా వద్దు. ముందు ఆటలు. వెనక బెల్ట్‌లో రుమాలు దోపుకుని ఒకరి తోక ఒకరు లాక్కునే ఆట. తర్వాత అరచేత్తో ఎదుటివాళ్ల భుజం తాకే ఆట, మోకాలు తాకే ఆట. దూరం చూసుకోవడం, పక్కకి తప్పుకోవడం వీటిలోనే వచ్చేస్తాయి. ఆ తర్వాత గ్లవ్స్, మౌత్‌గార్డ్‌తో ఛాతీ వరకే. పిల్లలకి తల మీద దెబ్బ పూర్తిగా నిషేధం. పొరపాటున తగిలితే ఆ రోజుకి ఆ పిల్ల ఆట ముగిసినట్టే, బాగానే ఉన్నానన్నా సరే. వాంతి, మత్తు, తలనొప్పి పెరగడం కనిపిస్తే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

స్పారింగ్‌లో యమే చెప్పే హక్కు ఇద్దరు పిల్లలకీ ఉంటుంది. రెఫరీగా నేనున్నా సరే, ఎవరికి ఇబ్బందనిపించినా వాళ్లే యమే అనొచ్చు, అన్న వెంటనే ఇద్దరూ ఆగాలి. కారణం చెప్పక్కర్లేదు. దాన్ని అతిగా వాడేస్తారేమోనని భయపడతారు కొత్త మాస్టర్లు. మొదటి వారం వాడతారు, నిజంగా ఆగుతారో లేదో చూడ్డానికి. ఆగుతారని తెలిశాక తగ్గిపోతుంది. పదమూడేళ్ల గ్రీన్ బెల్ట్ అబ్బాయి ఎనిమిదేళ్ల పాప యమేకి కాలు గాల్లో ఉండగానే ఆపేసి వెనక్కి అడుగేస్తే, ఆ ఇద్దరికీ పాయింట్లతో స్పారింగ్ మొదలుపెట్టవచ్చు. అప్పటిదాకా తోకాటే ఆడించండి.